గొలుసుకట్టు వ్యాపారం: లెక్క, చట్టం, షరీఅత్

ఇస్లాం ధనార్జనను నిందించలేదు; వ్యాపారాన్ని గౌరవప్రదమైన వృత్తిగా పరిగణించింది. దైవప్రవక్త (స) దౌత్య బాధ్యతకు పూర్వం హజ్రత్ ఖదీజా (రజి) గారి సరుకు తీసుకొని సిరియా దేశానికి వర్తకానికి వెళ్ళారు. హజ్రత్ అబూబక్ర్ (రజి) బట్టల వర్తకులు. హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) కట్టుబట్టలతో మదీనా చేరుకొన్నప్పుడు ఆయన అన్సారీ సోదరుడు తన ఆస్తిలో సగభాగం ఇవ్వజూపాడు. ఆయన అది స్వీకరించక, బజారుకు దారి చూపమని మాత్రమే కోరారు. పనీరు, నెయ్యి అమ్మి కొద్ది కాలంలోనే తన కాళ్ళపై తాను నిలబడ్డారు.

కాని సంపాదన గూర్చి ఇస్లాం రెండు ప్రశ్నలు వేస్తుంది. ప్రళయ దినాన ప్రతి దాసుడు తన ధనం ఎక్కడ నుండి ఆర్జించాడో, దేనికై ఖర్చు చేశాడో జవాబు చెప్పనిదే అడుగు కదపలేడని తిర్మిజీ గ్రంథంలోని ఒక హదీసు తెలుపుతున్నది. ఎంత ఆర్జించావన్న ప్రశ్న అందులో లేదు. నేడు మన మధ్య విరివిగా వ్యాపిస్తున్న ఒక ఆర్జన విధానాన్ని ఈ రెండు ప్రశ్నలలో మొదటిదానితో పరీక్షించడమే ఈ వ్యాస ఉద్దేశం.

ఆ విధానానికి అనేక పేర్లున్నవి: నెట్‌వర్క్ మార్కెటింగ్, మల్టీ లెవెల్ మార్కెటింగ్, ఎం.ఎల్.ఎం., చైన్ స్కీము. తెలుగు పత్రికలు దీనిని గొలుసుకట్టు వ్యాపారమని వ్రాస్తున్నవి. వివాహ విందులలో, మస్జిదు ఆవరణలలో, గల్ఫ్ దేశాలలో పనిచేసే మనవారి గదులలో, వాట్సప్ సందేశాలలో దీనికి ఆహ్వానాలు అందుతున్నవి. "ఇది వడ్డీ కాదు, జూదం కాదు, శుద్ధమైన వ్యాపారం" అన్న మాట కూడా ఆ ఆహ్వానంలో చేరి ఉంటుంది. కాబట్టి ముందుగా ఈ వ్యాపారం నిర్మాణాన్ని, తర్వాత దాని లెక్కను, దేశ చట్టాన్ని, చివరకు షరీఅత్ దృష్టిని వరుసగా పరిశీలిద్దాం.

ఇది ఎట్లా పని చేస్తుంది?

సాధారణ వర్తకంలో సరుకు తయారీదారు నుండి టోకు వర్తకునికి, అతని నుండి చిల్లర వర్తకునికి, చివరకు వినియోగదారునికి చేరుతుంది. ప్రతి ఒక్కడూ సరుకు కొని, అమ్మి, మధ్యనున్న తేడాను లాభంగా పొందుతాడు. ప్రత్యక్ష విక్రయంలో ఈ మధ్యవర్తులు ఉండరు. కంపెనీ తరఫున ఒక మనిషి ఇంటింటికీ వెళ్ళి సరుకు అమ్మి కమీషను తీసుకొంటాడు. ఇంతవరకు ఇందులో కొత్తదనమేమీ లేదు.

గొలుసుకట్టు విధానంలో దీనికి మరొక అంశం చేరుతుంది. అమ్మేవాడు సరుకు అమ్మడంతోపాటు తనవంటి మరికొందరు అమ్మకందార్లను చేర్పిస్తాడు. వారు చేసిన కొనుగోళ్ళపై అతనికి కమీషను వస్తుంది. వారు చేర్పించినవారి కొనుగోళ్ళపై కూడా వస్తుంది. అట్లా క్రిందికి ఎన్నో మెట్లు. పైనున్నవారిని అప్‌లైన్ అని, క్రింది వారిని డౌన్‌లైన్ అని వ్యవహరిస్తారు. కొన్ని కంపెనీలు ప్రతి సభ్యుని క్రింద "లెఫ్ట్", "రైట్" అని రెండు శాఖలు ఏర్పరచి, రెండు వైపులా సమానంగా పెరిగితేనే డబ్బు ఇస్తామంటవి. సభ్యత్వం చెల్లుబాటులో ఉండడానికి ప్రతి నెల ఇంత విలువగల సరుకు స్వయంగా కొనాలన్న నియమం పెట్టేవి కూడా ఉన్నవి.

ఈ విధానం అమెరికాలో పుట్టింది. కార్ల్ రేన్‌బోర్గ్ అనే వ్యక్తి 1930 దశకంలో ప్రారంభించిన విటమిన్ల వ్యాపారానికి 1945లో బహుళ అంతస్తుల కమీషను పద్ధతి జోడించబడింది. ఆ విటమిన్లనే అమ్ముతూ అనుభవం గడించిన ఇద్దరు మిత్రులు 1959లో మిచిగన్ రాష్ట్రంలో ఆమ్వే సంస్థను స్థాపించారు. అక్కడి నుండి ఈ పద్ధతి ప్రపంచమంతటా వ్యాపించింది.

ఒకే రూపం, రెండు సారాలు

ఈ గొలుసులన్నిటినీ ఒకే గాట కట్టడం న్యాయం కాదు. అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1975లో కోస్కాట్ అనే సౌందర్య సాధనాల కంపెనీ వ్యవహారంలో ఒక గీటురాయిని సూచించింది. సభ్యుడు చెల్లించే డబ్బుకు బదులుగా అతనికి రెండు హక్కులు లభిస్తే, అనగా సరుకు అమ్ముకొనే హక్కు ఒకటి, ఇతరులను చేర్పించినందుకు అసలు వినియోగదారులకు జరిగే అమ్మకంతో సంబంధం లేని ప్రతిఫలం పొందే హక్కు మరొకటి, అది పిరమిడ్ మోసమవుతుంది. 1979లో అదే కమిషన్ ఆమ్వే సంస్థ పిరమిడ్ కాదని తేల్చింది. కొన్న సరుకులో 70 శాతం అమ్మిన తర్వాతనే మళ్ళీ కొనాలని, ప్రతి నెలా పదిమంది బయటి ఖాతాదారులకు అమ్మాలని, మిగిలిన సరుకును తిరిగి తీసుకోవాలని ఆ సంస్థకు ఉన్న నియమాలే దానికి ఆధారం. అయితే ఆదాయాన్ని గూర్చి అతిశయోక్తులు చెప్పినందుకు ఆ సంస్థను అదే తీర్పులో తప్పు పట్టింది. 2016లో హెర్బాలైఫ్ సంస్థ అదే కమిషన్‌తో రాజీ కుదుర్చుకొని, 20 కోట్ల డాలర్లు చెల్లించడానికి, తన ప్రతిఫల విధానాన్ని మార్చుకోవడానికి అంగీకరించింది.

దీనినిబట్టి ఒక విషయం స్పష్టమవుతున్నది. డబ్బు గొలుసు వెలుపలి వినియోగదారుని నుండి వస్తున్నదా, లేక గొలుసులో కొత్తగా చేరేవాని జేబు నుండి వస్తున్నదా అన్నదే అసలు ప్రశ్న. వెలుపలి వినియోగదారుడంటే చేరే ఉద్దేశం ఏమాత్రం లేకుండా, ఆ సరుకు ఆ ధరకు తగినదని భావించి కొనేవాడు. అట్టివాడు లేని గొలుసులో సరుకు ఒక ముసుగు మాత్రమే.

లెక్క ఏమంటున్నది?

ఆహ్వాన సభలలో నల్లబల్ల మీద వ్రాసే లెక్క ఇట్లా ఉంటుంది: "మీరు ఐదుగురిని చేర్పించండి, వారు ఒక్కొక్కరు ఐదుగురిని చేర్పిస్తారు." ఐదు, ఇరవై ఐదు, నూట ఇరవై ఐదు. వినడానికి సులభంగానే ఉన్నది. అదే లెక్కను ఆ సభలో ఆపివేసిన చోట ఆపకుండా ముందుకు సాగించి చూద్దాం. ఎనిమిదవ మెట్టులో 3,90,625 మంది కావాలి. పదవ మెట్టులో 97,65,625 మంది. పండ్రెండవ మెట్టులో 24 కోట్లకు పైగా. 2011 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ మొత్తం జనాభా సుమారు 8 కోట్ల 46 లక్షలు. పదమూడవ మెట్టు ముగిసేసరికి గొలుసులో ఉండవలసినవారు 152 కోట్లు, అనగా చంటిపిల్లలతో సహా భారతదేశ జనాభా మొత్తం చాలదు. కాబట్టి ప్రతి గొలుసూ ఎక్కడో ఒకచోట తెగక తప్పదు. తెగిన చోట ఉన్నవారే నష్టపోతారు. వారెంతమంది అన్నదే చూడవలసిన విషయం.

ఒక ఊహాజనిత ఉదాహరణ తీసుకొందాం. సభ్యత్వ కిట్టు ధర 6,000 రూపాయలు. అందులోని సరుకు బజారులో 2,000కు దొరుకుతుంది. మిగిలిన 4,000లో పై మూడు మెట్లలోని వారికి తలా 500 చొప్పున 1,500 పోగా, శేషం కంపెనీది. ఒకని క్రింద ఐదుగురు చొప్పున గొలుసు ఐదు మెట్లు దిగి ఆగిపోయిందనుకొందాం. మొదటి వ్యక్తితో కలిపి మొత్తం సభ్యులు 3,906 మంది.

చివరి మెట్టులో 3,125 మంది ఉన్నారు. వారి క్రింద ఎవరూ లేరు. ఒక్కొక్కరికి 4,000 నష్టం. వారి పైమెట్టులోని 625 మందికి ఐదేసి చేర్పులపై 2,500 వచ్చింది. నికరంగా 1,500 నష్టం. అనగా 3,906 మందిలో 3,750 మంది, నూటికి 96 మంది, నష్టపోయారు. ఆపై మెట్టులోని 125 మందికి తలా 11,000, అన్నిటికంటె పైనున్న 31 మందికి తలా 73,500 లాభం. నష్టపోయినవారి మొత్తం సొమ్ము 1 కోటి 34 లక్షల 37 వేల 500. అందులో లాభపడిన 156 మందికి చేరినది 36 లక్షల 53 వేల 500. తక్కిన 97 లక్షల 84 వేలు కంపెనీకి చేరింది.

ఈ లెక్కలో ఎవరి సోమరితనం గాని, అసమర్థత గాని లేదు. ప్రతి ఒక్కడు చెప్పినట్లే ఐదుగురిని చేర్పించాడు. గొలుసు ఇంకా పది మెట్లు సాగినా నష్టపోయేవారి నిష్పత్తి మారదు. సంఖ్య మాత్రమే పెరుగుతుంది. ఐదుగురికి బదులు ఇద్దరేసి చొప్పున సాగే గొలుసులో సైతం చివరి మెట్టులో సుమారు సగం మంది, చివరి రెండు మెట్లలో కలిపి సుమారు నూటికి డెబ్బై ఐదుగురు ఉంటారు. "కష్టపడనివాడే నష్టపోతాడు" అన్న మాట ఈ కారణంగానే సత్యదూరం. అందరూ కష్టపడినా అధిక సంఖ్యాకులు నష్టపోవడం ఈ నిర్మాణంలోనే ఇమిడి ఉన్నది.

దేశస్థాయిలో దీని పర్యవసానం ఎట్లా ఉంటుందో అల్బేనియా చరిత్ర చూపింది. ముస్లిములు అధికంగా గల ఆ చిన్న దేశంలో 1996 నాటికి, కొత్తగా చేరేవారి సొమ్ముతో పాతవారికి ఆదాయం చెల్లించే సంస్థలు పుట్టగొడుగులవలె వెలిశాయి. జనాభాలో సుమారు మూడింట రెండు వంతులు అందులో డబ్బు పెట్టారు. ఇండ్లు, పశువులు అమ్మి పెట్టినవారు కూడా ఉన్నారు. 1997లో అవి కూలిపోగా ప్రభుత్వం పతనమైంది. ఆ అల్లర్లలో సుమారు రెండువేల మంది ప్రాణాలు కోల్పోయారు.

మన దేశ చట్టం

మన దేశంలో ప్రైజు చిట్లు, మనీ సర్క్యులేషన్ పథకాల నిషేధ చట్టం 1978లో వచ్చింది. అంతకుముందు రిజర్వు బ్యాంకు నియమించిన జేమ్స్ రాజ్ అధ్యయన బృందం చేసిన సిఫారసు దానికి పునాది. సభ్యులను చేర్పించడమనే సంఘటనపై ఆధారపడి డబ్బు చెల్లిస్తామని వాగ్దానం చేసి డబ్బు తీసుకొనే పథకం, సులభంగా త్వరగా డబ్బు గడించే పథకం ఈ చట్టం క్రిందకు వస్తవి. మనలో చాలామందికి తెలియని విషయమొకటి ఇందులో ఉన్నది. పథకాన్ని నడపడమే గాక, అందులో సభ్యునిగా చేరడం, మరే విధంగానైనా పాల్గొనడం కూడా ఈ చట్టం 3వ సెక్షను ప్రకారం నిషిద్ధం. శిక్ష మూడేండ్ల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. కాబట్టి "నేను సామాన్య సభ్యుణ్ణి, నాకేమవుతుంది?" అన్న ధీమా సరికాదు.

2007లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆమ్వే సంస్థ వేసిన పిటిషనును విచారించి, ఆ సంస్థ పథకం ప్రాథమికంగా ఈ చట్టంలోని నిర్వచనం పరిధిలోకి వస్తుందని అభిప్రాయపడింది. 2022 ఏప్రిల్‌లో ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్ అదే సంస్థకు చెందిన 757 కోట్ల రూపాయలకు పైగా విలువగల ఆస్తులను జప్తు చేసింది. ప్రత్యక్ష విక్రయం ముసుగులో పిరమిడ్ మోసం జరుగుతున్నదని, సరుకుల ధరలు విపరీతంగా ఉన్నవని ఆ శాఖ ఆరోపణ. ఆరోపణ వేరు, న్యాయస్థానపు తుది తీర్పు వేరు అన్న విచక్షణ మనం పాటించవలసి ఉన్నది.

ప్రత్యక్ష విక్రయాన్ని ప్రభుత్వం పూర్తిగా నిషేధించలేదు. 2016లో కేంద్ర ప్రభుత్వం జారీ చేసిన మార్గదర్శక సూత్రాల ప్రకారం చేరిక రుసుము వసూలు చేయరాదు. చేరినవాడు నిర్ణీత గడువులోగా తప్పుకొని డబ్బు తిరిగి పొందే వీలు ఉండాలి. 2021 డిసెంబరులో వినియోగదారుల రక్షణ చట్టం క్రింద వచ్చిన నిబంధనలు పిరమిడ్ పథకాలను, ప్రత్యక్ష విక్రయం పేరుతో సాగే మనీ సర్క్యులేషన్‌ను స్పష్టంగా నిషేధించాయి. కనుక ఒక కంపెనీకి రిజిస్ట్రేషను, జి.ఎస్.టి. నంబరు ఉన్నంత మాత్రాన అది చట్టబద్ధమైన పథకమని భావించరాదు. రిజిస్ట్రేషను కంపెనీ ఉనికికి సాక్ష్యం. అది నడిపే పథకం నిర్దోషిత్వానికి కాదు.

షరీఅత్ దృష్టి

ఇప్పుడు మనకు అత్యంత ముఖ్యమైన విషయానికి వద్దాం. వ్యవహారాలలో మూలసూత్రం అనుమతి అని ధర్మవేత్తలు పేర్కొన్నారు. నిషేధానికి ఆధారం దొరికితేనే ఒక లావాదేవీ నిషిద్ధమవుతుంది. కాబట్టి కొత్తదన్న ఒకే కారణంతో దేనినీ హరామ్ అనరాదు. దలాలీ, అనగా సరుకు అమ్మిపెట్టి కమీషను తీసుకోవడం, ధర్మసమ్మతమే. ఇబ్నె సీరీన్, అతా, ఇబ్రాహీం, హసన్ బసరీ వంటి తాబియీన్లు దలాలీ ప్రతిఫలంలో దోషం చూడలేదని ఇమామ్ బుఖారీ ఉల్లేఖించారు. ఫలానా పని చేసి పెట్టినవానికి ఇంత ఇస్తామని ప్రకటించే ఒప్పందాన్ని ఫిఖహ్‌లో జుఆలా అంటారు. రాజుగారి పాత్ర తెచ్చి ఇచ్చినవానికి ఒంటె మోసేంత ధాన్యం ఇస్తామన్న ప్రకటన యూసుఫ్ సూరా 72వ ఆయతులో ప్రస్తావించబడినది. దానిని ధర్మవేత్తలు ఇందుకు ఆధారంగా చూపారు.

మరి గొలుసుకట్టులో ఆక్షేపణ ఎక్కడ ఉన్నది? ధర్మవేత్తలు ప్రధానంగా నాలుగు విషయాలు ఎత్తిచూపారు.

మొదటిది, ఇతరుల సొమ్మును అధర్మంగా తినడం. పరస్పర అంగీకారంతో జరిగే వర్తకం ద్వారా తప్ప ఒకరి సొమ్ము ఒకరు అధర్మంగా తినరాదని దివ్య ఖుర్ఆన్ అన్నిసా సూరా 29వ ఆయతులో ఆదేశించింది. ఐదవ మెట్టులో, ఎవరో ఎక్కడో కొన్న కిట్టుపై పైనున్నవానికి డబ్బు వస్తున్నది. కొన్నవాడెవరో అతడు ఎరుగడు. అమ్మినవానికి అతడు చేసిన సహాయం లేదు. శ్రమ గాని, పెట్టుబడి గాని, నష్టభయం గాని లేని ఈ రాబడికి ధర్మసమ్మతమైన ఆధారమేమిటన్నది ప్రశ్న.

రెండవది, ఘరర్, అనగా ఫలితం అగమ్యమైన లావాదేవీ. ఘరర్ గల అమ్మకాన్ని దైవప్రవక్త (స) వారించారని సహీహ్ ముస్లింలో ఉన్నది. ప్రతి వ్యాపారంలోనూ లాభనష్టాలు ఉన్నవి గదా అని కొందరంటారు. నిజమే. కాని కొట్టు పెట్టినవాని చేతిలో సరుకు ఉంటుంది. ఈ రోజు అమ్ముడుపోకపోతే రేపు పోతుంది. ఇక్కడ బజారు ధరను మించి సభ్యుడు చెల్లించిన 4,000 రూపాయలు తన క్రింద ఎంతమంది చేరుతారన్న ఒకే ఒక ఆశపై పెట్టినవి. చేరితే ఇమ్మడి ముమ్మడిగా వస్తుంది, చేరకపోతే మునిగిపోతుంది. ఒకని లాభం మరొకని నష్టం నుండియే రావడం జూదం యొక్క లక్షణం. జూదాన్ని మద్యంతోపాటు షైతాను పనులలో చేర్చి అల్‌మాయిదా సూరా 90వ ఆయతు నిషేధించింది.

మూడవది, వడ్డీ అనుమానం. సరుకు పేరుకు మాత్రమే ఉండి, సభ్యుని అసలు ఉద్దేశం కమీషనే అయినప్పుడు, ఆ లావాదేవీ వాస్తవంలో డబ్బుకు డబ్బు మార్పిడి. కొద్ది డబ్బు ఇచ్చి, గడువు తర్వాత ఎక్కువ డబ్బు ఆశించడమవుతుంది. ఒప్పందాలలో మాటల కంటె ఉద్దేశాలకు, అర్థాలకు ప్రాధాన్యమన్నది ఫిఖహ్ సూత్రం. ఉస్మానీయుల కాలపు న్యాయ సంహిత అయిన మజల్లాలో ఇది 3వ నిబంధనగా చోటుచేసుకొన్నది.

నాల్గవది, మోసం మరియు దాపరికం. దైవప్రవక్త (స) బజారులో ఒక ధాన్యపు రాశిలో చేయి పెట్టి చూడగా లోపల తడి తగిలింది. తడిసిన ధాన్యాన్ని పైన ఎందుకు ఉంచలేదని ఆ వర్తకుని మందలించి, మోసగించేవానికి తమతో సంబంధం లేదని హెచ్చరించారు. గొలుసు సభలలో వేదిక మీదికి వచ్చేవారు లాభపడిన కొద్దిమంది. నష్టపోయిన అధిక సంఖ్యాకులు రాశి అడుగున ఉన్న తడి ధాన్యం. వారిని గూర్చి చెప్పకుండా కారు, విదేశయాత్ర చూపి చేర్పించడం తడిని కప్పి అమ్మడమే.

ధర్మశాస్త్ర సంస్థల అభిప్రాయాలు

సూడాన్ దేశపు ఇస్లామీ ఫిఖహ్ పరిషత్తు 2003లో బిజ్‌నాస్ అనే కంపెనీ విధానాన్ని పరిశీలించి, అది ధర్మసమ్మతం కాదని నిర్ణయించింది. సౌదీ అరేబియాలోని ఫత్వాల స్థాయీ సంఘం 1425 హిజ్రీ, అనగా 2004లో, 22935వ నంబరు ఫత్వాలో ఇట్టి పిరమిడ్ విక్రయ పథకాలను నిషిద్ధమని ప్రకటించింది. పైన పేర్కొన్న నాలుగు కారణాలూ ఆ ఫత్వాలో ఉన్నవి. ఇది దలాలీ కాదని కూడా అది వివరించింది: దలాలీ చేసేవాడు సరుకు అమ్మి కూలి తీసుకొంటాడు, ఇక్కడ సభ్యుడు అమ్మే అవకాశం కోసం తానే డబ్బు చెల్లిస్తున్నాడు.

మరొక వైపు ఇండోనేషియా ఉలమా మండలికి చెందిన జాతీయ షరీఅత్ బోర్డు 2009లో 75వ నంబరు ఫత్వా వెలువరించి, పండ్రెండు షరతులకు లోబడి మెట్లవారీ ప్రత్యక్ష విక్రయాన్ని అనుమతించింది. సరుకు నిజమైనది, ధర్మసమ్మతమైనది కావాలి. కమీషను కారణంగా ధర విపరీతంగా పెంచరాదు. ప్రతిఫలం వాస్తవంగా చేసిన పనిని, జరిగిన అమ్మకాన్ని బట్టి ఉండాలి. ఏ శ్రమా లేకుండా క్రమంగా వచ్చే కమీషను ఉండరాదు. చేర్పించినవాడు తన క్రింది వారికి శిక్షణ ఇచ్చి పర్యవేక్షించాలి. అది డబ్బు ఆట కారాదు.

ఈ రెండు అభిప్రాయాలు పైకి విరుద్ధంగా కనిపించినా లోతున కలుస్తున్నవి. ఇండోనేషియా షరతులు పూర్తిగా అమలు జరిపితే, చేర్పులపై వచ్చే రాబడి, కూర్చొని తినే కమీషను రెండూ పోతాయి. మిగిలేది శ్రమకు తగ్గ దలాలీ. అప్పుడు ఆహ్వాన సభలలో వర్ణించే జీవితకాలపు ఆదాయం ఎక్కడిది? షరతులు గల ఫత్వాను చూపి, షరతులు లేని పథకంలోకి పిలవడం న్యాయం కాదు.

మన సమాజానికి జరుగుతున్న హాని

ఈ వ్యాపారానికి ముడిసరుకు సబ్బులు, విటమిన్లు, గడియారాలు అనుకోవడం పొరపాటు. మనిషికి మనిషిపై ఉన్న నమ్మకమే దాని ముడిసరుకు. అపరిచితుడు వచ్చి 6,000 అడిగితే మనం ఇవ్వము. మేనమామ, చిన్నమ్మ కొడుకు, ప్రక్క వరుసలో నమాజు చేసే సోదరుడు అడిగితే కాదనలేము. చేరినవాడు ముందుగా తన బంధువుల పేర్ల జాబితా వ్రాయాలని శిక్షణలో చెప్పడం ఇందుకే. గొలుసు తెగినప్పుడు కంపెనీ కనిపించదు, మేనమామే కనిపిస్తాడు. సంవత్సరాల తరబడి కూడిన బంధుత్వం కొన్నివేల రూపాయల వద్ద తెగిపోతుంది. బంధుత్వాలను కలిపి ఉంచమన్న ధర్మాన్ని అనుసరించేవారికి ఇది చిన్న నష్టం కాదు.

మతం పేరు కూడా ఇట్టి నమ్మకాన్ని గుడ్డిగా పెంచుతుంది. హైదరాబాదు కేంద్రంగా గల హీరా గ్రూపు, బెంగుళూరులోని ఐ.ఎం.ఏ. సంస్థ గొలుసుకట్టు కంపెనీలు కావు. డిపాజిట్లు సేకరించిన సంస్థలు. కాని వాటి ఉదంతం మనకు పాఠం. వడ్డీ లేని ధర్మసమ్మత లాభమని రెండూ ప్రచారం చేశాయి. 2018 అక్టోబరులో హీరా గ్రూపు అధినేత్రి అరెస్టయ్యారు. 2019 జూన్‌లో ఐ.ఎం.ఏ. అధినేత దేశం విడిచి వెళ్ళగా, తర్వాతి నెలలో తిరిగివచ్చినప్పుడు అరెస్టయ్యాడు. వేల కోట్ల రూపాయలు ఇరుక్కొన్నవి. ఆ డబ్బులో కూతుళ్ళ పెండ్లిళ్ళ కోసం దాచినది, గల్ఫ్‌లో ఎండలో చెమటోడ్చి పంపినది, వితంతువుల జీవనాధారమైనది ఉన్నది. బ్యాంకు వడ్డీ నుండి తప్పించుకోవాలన్న వారి సదుద్దేశమే వారిని అక్కడికి చేర్చింది. "హలాల్" అన్న మాట కంపెనీ గోడపై వ్రాసి ఉండటం చాలదు. డబ్బు ఎట్లా పుడుతున్నదో విచారించాలి.

చేరే ముందు ఐదు ప్రశ్నలు

ఎవరైనా ఇట్టి ఆహ్వానం ఇచ్చినప్పుడు కోపగించకుండా, మర్యాదగా ఈ ప్రశ్నలు అడగండి.

1. సభ్యత్వానికి డబ్బు కట్టాలా? లేక తప్పనిసరిగా సరుకు కొనాలా?

2. కమీషను అనేదే లేకపోతే ఈ సరుకును ఈ ధరకు మీరు కొంటారా? బజారులో దీనికి సమానమైన సరుకు ధర ఎంత?

3. ఒక్కరినీ చేర్పించకుండా, కేవలం సరుకు అమ్మి నెలకు ఎంత సంపాదించవచ్చు? ఈ నెలలో సభ్యులు కానివారికి మీరు ఎంత అమ్మారు?

4. మీ రాబడి ఎంతో సరే. మీరు కొన్న సరుకు, ప్రయాణాలు, సభల టికెట్లు, ఫోను ఖర్చులు తీసివేస్తే మిగిలేది ఎంత?

5. మీరు చేర్పించినవారిలో పెట్టిన డబ్బు తిరిగి రాబట్టుకొన్నవారెందరు, పోగొట్టుకొన్నవారెందరు?

మూడవ ప్రశ్నకు జవాబు దొరకకపోతే తక్కినవి అడగవలసిన అవసరం లేదు. అది సరుకు వ్యాపారం కాదు, మనుషుల వ్యాపారం. అన్నిటికీ సంతృప్తికరమైన జవాబులు వచ్చినా, విశ్వసనీయుడైన ధర్మవేత్తకు పథకం పత్రాలు పూర్తిగా చూపి అడగండి. నోటిమాటగా "దలాలీ హలాలేనా?" అని అడిగితే హలాలే అన్న జవాబే వస్తుంది. ప్రశ్న సగం చెప్పి తెచ్చుకొన్న ఫత్వా దైవసన్నిధిలో మనలను రక్షించదు.

ఇప్పటికే చేరినవారు మొట్టమొదట కొత్తవారిని చేర్పించడం ఆపాలి. పోయిన డబ్బు రాబట్టుకోవాలని మరొక ఐదుగురిని దింపడమంటే మన నష్టాన్ని వారి మెడకు చుట్టడమే. గడువు మిగిలి ఉంటే సరుకు తిరిగి ఇచ్చి డబ్బు అడగవచ్చు. జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం నంబరు 1915. మోసం జరిగినట్లయితే పోలీసు వారికి ఫిర్యాదు చేయవచ్చు. తాము చేర్పించినవారికి నిజం చెప్పడం, వారి నుండి తమకు ముట్టిన కమీషను వీలైనంత తిరిగి ఇవ్వడం తౌబాలో భాగం. దాసుల హక్కులు దాసులకు చెల్లించవలసి ఉన్నది.

మరి చిన్న ఆదాయం కల కుటుంబాలు ఏమి చేయాలి? గొలుసులోకి దిగేవారిలో అత్యధికులు దురాశాపరులు కారు. జీతం చాలనివారు, ఉద్యోగం దొరకని యువకులు, ఇంటి నుండి కదలలేని స్త్రీలు. వారిని నిందించి ఊరుకొంటే బాధ్యత తీరదు. ఒకరి పెట్టుబడి, మరొకరి శ్రమతో సాగే ముజారబా, ఇద్దరూ పెట్టుబడి పెట్టే ముషారకా మన ధర్మంలో ఉన్నవి. ప్రతి మహల్లాలో స్తోమతు గలవారు కొందరు చేరి, కుట్టు మిషనుకు, తోపుడు బండికి, చిన్న కిరాణా కొట్టుకు కావలసిన మొత్తం వడ్డీలేని అప్పుగానో, భాగస్వామ్యంగానో ఇచ్చే ఏర్పాటు చేయగలిగితే, ఆహ్వాన సభలకు వెళ్ళేవారి సంఖ్య దానంతటదే తగ్గుతుంది. గొలుసు కంపెనీ అడిగే 6,000 రూపాయలు ఒక బుట్టెడు పండ్ల వ్యాపారానికి పెట్టుబడి కాగలదు. ఆ పండ్లు కొన్నవాడు తిని సంతోషిస్తాడు, అమ్మినవాడు లాభం చూస్తాడు, మూడవవాడెవడూ ఏడవడు.

ధర్మసమ్మతమైనది స్పష్టం, నిషిద్ధమైనది స్పష్టం, మధ్యనున్న సందేహాస్పద విషయాలకు దూరంగా ఉన్నవాడు తన ధర్మాన్ని, గౌరవాన్ని కాపాడుకొన్నాడన్న భావం గల హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉన్నది. గొలుసుకట్టు పథకాలలో అత్యధికం సందేహపు హద్దును దాటి నిషిద్ధంలోనే ఉన్నవి. కొద్దిపాటి సందేహంలో ఉన్నవాటి వలన కలిగే లాభం కూడా, పైన చూసిన లెక్క ప్రకారం, నూటికి నాలుగురికి మాత్రమే. ధర్మం దృష్ట్యా చేరదగినది కాదు. లెక్క దృష్ట్యా కూడా చేరదగినది కాదు. ఈ రెండూ ఒకే జవాబు ఇవ్వడంలో ఆశ్చర్యమేమీ లేదు. దాసుల మేలు కోరి నిషేధించినవాడే దాసుల లెక్కలు ఎరిగినవాడు.

అల్లాహ్ మనకు ధర్మసమ్మతమైన, శుభవంతమైన ఉపాధిని ప్రసాదించుగాక! మన చేతుల వలన గాని, మాటల వలన గాని మరొకరి సొమ్ము అధర్మంగా పోకుండా మనలను కాపాడుగాక! ఆమీన్.